కెమాల్ గారిని అన్నా అనేదాకా

రిచ్‌మండ్ వెళ్లేవాళ్లకు మొదటి సలహా: న్యూఆర్క్‌లో ఉదయం ఆరున్నర బస్సు ఎక్కితే ఎడమవైపు కూర్చోకండి, మధ్యాహ్నం దాకా ఎండ మొహం మీదే. రెండో సలహా: టర్కీ నవల వెంటబెట్టుకుని వెళ్లకండి. ఎనభైల మొదట్లో ఒక వసంతంలో నేను ఈ రెండూ చేశాను.

నవల నెర్మిన్ గారి నాన్నగారిది. మా యూనివర్సిటీ లైబ్రరీలో ఆవిడ కేటలాగ్ సెక్షన్, నేను టైపిస్టుని. తండ్రి పోయాక ఆరేళ్లు కూర్చుని దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. టైపు చేసింది నేను. అరవై రెండేళ్ల మనిషి, నన్ను కూడా 'నిర్మల హానిమ్' అనేవారు, మనం అమ్మగారూ అన్నట్టు.

కథ చిన్నది. ఉస్మాన్ అనే దర్జీ పాతికేళ్లు తన యజమానిని 'కెమాల్ బే' అంటాడు. 'గారు' అన్నమాట. ఆఖరి పేజీలో, ఆయన మంచాన పడ్డాక, మొదటిసారి 'కెమాల్ ఆబీ' అంటాడు, అంటే అన్నా అని. నవల అక్కడితో అయిపోతుంది.

రిచ్‌మండ్‌లో ఒక చిన్న ప్రచురణ సంస్థ పుస్తకం వేస్తానంది. దాని ఎడిటర్ మహానుభావుడు నీలి పెన్సిల్‌తో 'బే'లూ, ఆ ఒక్క 'ఆబీ' కూడా కొట్టేసి, మొదటి నుంచి చివరిదాకా ఉత్త 'కెమాల్' చేశాడు. పైగా ఆఖరి పేజీ పక్కన "ఇక్కడ ఏమీ జరగలేదే?" అని రాశాడు. ఆయనతో మాట్లాడటానికే మా ఇద్దరి ఈ ప్రయాణం.

పదిన్నరకి బాల్టిమోర్‌లో బస్సు ఆగింది. మేం నా పులిహోర తింటుంటే వెనకసీటు కుర్రవాడు పేర్లడిగాడు. "నెర్మిన్? నెర్మ్ అంటాను, ఈజీగా ఉంటుంది," అన్నాడు.

"మీ ఇష్టం, సర్," అన్నారావిడ.

మూడింటికి రిచ్‌మండ్. మోటెల్ గదిలో హీటరు లారీ ఇంజన్‌లా మోగింది. బ్రేక్‌ఫాస్ట్ అంటే ఒక డోనట్. మర్నాడు పదింటికి ఆఫీసుకి వెళ్లాం.

"కాల్ మి జిమ్," అన్నాడు ఎడిటర్. ఆవిడ 'జిమ్ బే' అనే అన్నారు.

"చూడండి నెర్మిన్, ఇంగ్లీషులో ఇలాంటివి లేవు. ఇక్కడ అందరం ఈక్వల్. మార్పులు ఒప్పుకోకపోతే, సారీ, పుస్తకం వేయలేం."

ఆవిడ ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్నారు. ఆరేళ్ల పని. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

అంతలో తల నెరిసిన సెక్రటరీ తలుపు తీసింది. "మిస్టర్ జిమ్, మీ కాఫీ చల్లారిపోతోంది."

"థాంక్యూ, మిస్ రూత్. వీళ్లకి కూడా తెప్పిస్తారా?"

ఆమె వెళ్లాక నెర్మిన్ గారు మెల్లగా అడిగారు. "జిమ్ బే, ఆవిణ్ణి ఉత్త రూత్ అని పిలవరా?"

"అలా పిలిస్తే మా అమ్మ చెంప పగలగొట్టేది. మా ఊళ్లో పెద్దవాళ్లని..." అంటూ ఆగిపోయాడు.

ఆఖరి పేజీ తీసి, నిలబడే చదివాడు. రెండోసారి కూర్చుని చదివాడు. తర్వాత డ్రాయర్లో రబ్బరు వెతికాడు. పుస్తకమంతా 'మిస్టర్ కెమాల్', ఆఖరి పేజీలో మాత్రం 'బ్రదర్' అని తేల్చాడు. ఇంగ్లీషులో లేనివన్నీ మూడు నిమిషాల్లో దొరికాయి.

ఒంటిగంట బస్సుకి తిరిగి బయల్దేరాం. సాయంత్రపు ఎండ కూడా ఎడమవైపే వస్తుంది. మేం మళ్లీ అక్కడే కూర్చున్నాం. బాల్టిమోర్ దాటాక నెర్మిన్ గారు ఆఖరి పేజీ నా చేతికిచ్చి, తెలుగులో చదవమన్నారు. ఆవిడకి తెలుగు ఒక్క ముక్క రాదు. తోచినట్టు చెప్పుకుంటూ పోయాను. 'అన్నా' దగ్గర ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు.

"ఇక్కడే కదా?"

"మీకెలా తెలిసింది?"

"నీ గొంతు చెప్పింది, కిజిమ్."

కిజిమ్ అంటే 'నా కూతురా' అని. ఇంగ్లీషులో ఏమనాలో నన్నడగొద్దు. కిటికీ వైపు తిరిగి, ఎండ కళ్లలో పడుతోందన్నాను.