కొబ్బరినూనె రాసిన టైర్లు

మా ఇంటాయన పోయినంక ఆయన బట్టలు ఆశ్రమానికి ఇచ్చిన. మోటర్‌సైకిల్ మా తల్లిగారింటి తమ్మునికి ఇచ్చిన. నాలుగు టైర్లు మాత్రం ఎవ్వరికీ ఇయ్యలే.

అవి మామూలు టైర్లు కావు. ఆయనది నాచారంల ఒక ఇంజనీరింగ్ కంపెనీల ఫిట్టర్ పని. పొద్దంత మిషన్లతోటి కొట్లాడి వచ్చి, మళ్ళ తన తమ్ముణ్ణి వెంబడేసుకొని ఒక పాత చిన్న కారుతోటి కొట్లాడుతుండె. ఆయన తమ్ముడంటే మా మరిది. నేను కాపురానికి వచ్చినప్పుడు పదో తరగతి చదువుతుండె. ఊరవతల కార్లను జోరు మీద తిప్పే ట్రాక్ ఉంటదట, అక్కడికి మన సొంత కారు గూడ పట్టుకపోవచ్చట. ఒక్కరోజు పోవాలె, అన్న ఒక పూట తిప్పాలె, తమ్ముడు ఒక పూట తిప్పాలె. ఇద్దరిదీ అదే కోరిక. దానికోసమే మెత్తటి రబ్బరువి, రోడ్డును గట్టిగ పట్టేటివి ఏరి తెచ్చిండు.

తెచ్చి నేరుగ పడకగదిల పెట్టిండు.

"ఏంది, నలుగురు సవతులను ఒక్కసారే తోలుకొచ్చినవ్?" అన్న.

"ఎందరొచ్చినా నువ్వే పెద్దదానివి, ఫికర్ చెయ్యకు" అని నవ్విండు.

పన్నెండు దినాలు గడవలే, డ్యూటీల ఉండంగనే ఆయన గుండె ఆగిపోయింది. దవాఖానకు తీస్కపోయిన్రు గని దార్లనే అయిపోయింది.

టైర్లను సజ్జ మీదికి ఎక్కించినం. కాయితం స్టిక్కర్లు, పొట్టి పొట్టి రబ్బరు వెంట్రుకలు అన్నీ గట్లనే ఉండె. నా పాత చీరెలు చుట్టి పెట్టిన. ప్రతి దసరాకు దింపిచ్చి, తుడిచి, కుంకుమ పెట్టి, కొబ్బరినూనె రాస్తుంటి. నేను కుంకుమ పెట్టుకోకున్నా వాటికి పెట్టిన. నూనె పెట్టకపోతే తల ఎండిపోతది కదా, రబ్బరు గూడ గంతే అనుకున్న. రాయంగనే నల్లగ నిగనిగలాడుతుండె. ఎనిమిదేండ్లు గట్ల చేసిన.

పోయిన ఎండకాలం మా మరిది వచ్చిండు. కారు మళ్ళ తయారు జేసిండట.

"వదినా, వచ్చే ఆదివారం ట్రాక్ మీద మనకు టైం ఇచ్చిన్రు. అన్న టైర్లు ఏస్కొనే పోత. వేరేవి నాకొద్దు."

నాకు కండ్లల్ల నీళ్ళొచ్చినయి. దింపుకో బిడ్డా అన్న. రెండు డిక్కీల, రెండు ఎనుక సీట్ల పెట్టుకొని, బిగించుకొద్దామని ఉప్పల్ రింగురోడ్డు కాడి టైర్ల దుకాణానికి పోయినం. నేను గూడ ఎక్కిన. అవి చక్రాలకు ఎక్కంగ సూడాలని నా ఆశ.

దుకాణంల ముసలి చాచా ఒక టైరును తిప్పి తిప్పి చూసిండు. "ఏ గోదాంల దొరికినయ్ బేటా ఇవి?"

"గోదామేంది చాచా, ఎనిమిదేండ్ల కింద మా అన్న కొన్నవి. కొత్తవి. ఒక్క కిలోమీటర్ గూడ తిరగలే, స్టిక్కర్ సూడు."

"స్టిక్కర్ నాకెందుకు, నంబర్ సూపియ్యి." పక్కన అచ్చేసిన నాలుగంకెల మీద వేలు పెట్టిండు. ముందటి రెండు తయారైన వారమట, ఎనుకటి రెండు సంవత్సరమట. వేళ్ళ మీద లెక్కేసి, "పదేండ్లు దాటినయ్. మీ అన్న కొన్ననాడే ఇవి రెండేండ్లవి" అన్నడు.

దుకాణంల ఉన్న కొత్త టైరు మీద గోరు గుచ్చిండు. గోరు దిగింది. మా దాని మీద గుచ్చిండు. గోరు జారింది. మోకాలు పెట్టి వంచితే, గీతల మధ్యల సలికాలం మడిమెలకు వచ్చినట్టు సన్నటి పగుళ్ళు.

"తిరగకుంటే కొత్తదే అనుకుంటరు అందరు. మూలకు కూసున్నా దాని వయసు ఆగదు బేటా. సల్లటి సీకటి గదిల ఉంచితే జర ఎక్కువ దినాలు ఉంటుండె. మన ఇండ్లల్ల సజ్జల మీద ఎండకాలం ఎట్లుంటదో నీకెరికే. ట్రాక్ మీద మలుపు కాడ గట్టిపడ్డ రబ్బరు పట్టదు. వేడికి లోపటి పొర ఊడిందనుకో, ఇంక కారు నీ మాటినదు."

"రెండే రౌండ్లు చాచా. మెల్లగ తిప్పుత."

"ట్రాక్ మీదికి పోయి మెల్లగ తిప్పినోణ్ణి నేనింక సూడలే."

గంతల చాచా తన బొటనవేలు చూసుకున్నడు, వాసన చూసిండు. "ఇదేంది, నూనె?"

మరిది నా దిక్కు చూసిండు. నేనే రాసిన అన్న.

"నూనె రబ్బరుకు పడదమ్మా" అన్నడు చాచా. మళ్ళ నా మొకం చూసి, "రాయకున్నా ఇవి పోయేటియే. నీ తప్పు కాదు" అన్నడు. నా కోసం అన్నడని తెలుసు.

మరిది ఇనలే. "సబ్బు పెట్టి కడుగుత. నువ్వు బిగియ్యకుంటే ఇంకో కాడ బిగిపిస్త. అన్నుంటే ఏస్కుంటుండె."

"మీ అన్నుంటే ముందుగాల ఆ నంబరే సూస్తుండె" అన్న నేను. "బోల్టు మీద సన్న గీత కనపడ్డా పక్కకు పారేసే మనిషి."

మరిది ఒక్కొక్క టైరు ఎత్తి మళ్ళ కార్ల పెట్టుడు మొదలు పెట్టిండు. ఆ మొండితనం నాకు తెలుసు. అడగకుండ బిగించే దుకాణం ఎక్కడన్న ఒకటి దొరుకుతది.

"చాచా, పనికిరాని టైర్లను ఏం జేస్తరు?"

"మళ్ళెవ్వడు ఎక్కియ్యకుండ పక్క కోసి పడేస్తం."

"వీటిని గూడ కొయ్యి."

"వదినా!" టైరును రెండు చేతుల పట్టుకున్నడు. "అన్నయి నా దగ్గర ఇంకేం లెవ్వు."

"నా దగ్గర మాత్రం ఏమున్నయ్ బిడ్డా" అన్న.

అతని వేళ్ళు నేనే ఇడిపించిన. చాచా పెద్ద కత్తిని నీళ్ళల్ల ముంచుకుంట కోసిండు. రబ్బరు అంత జల్ది తెగదు. నాలుగూ కోసేదాంక అక్కడనే నిలబడి చూసిన. రెండోది తెగంగనే మరిది పోయి కార్ల కూసున్నడు.

చాచా కొత్తవి చూపెడతనన్నడు, అతను వద్దన్నడు. ఆదివారం ట్రాక్ కాడికి పోలే. ఇప్పుడు ఆ కారు మీద కవరు కప్పి ఉంది. డ్యూటీకి బస్సుల పోతుండు. నాచారం బస్టాప్ కాడ కనపడితే "బాగున్నవా వదినా" అంటడు, ఆగడు.

మొన్న దసరాకు గూడ రాలే. బగారన్నం, కూర చేసి గిన్నెల పంపిన. మా ఇండ్లల్ల గిన్నెను ఖాళీగ తిప్పి పంపరు, పిడికెడు చక్కెరన్న ఏస్తరు. తెల్లారి నా గిన్నె తిరిగొచ్చింది. శుభ్రంగ కడిగి ఉంది, లోపట ఏం లేదు. అది చేతుల పట్టుకొని శానసేపు గడపల కూసున్న. తిన్నడైతే తిన్నడు కదా అనుకున్న.