పట్టినదీ, పుట్టినదీ

మనిషిని పట్టినదేదో, మనిషితో పుట్టినదేదో మీకు తెలుసా? నాకు తెలియదు. తెలియకుండానే ఇన్నేళ్ళు అరుగులెక్కి పురాణం చెప్పాను. పూండిలో మా పిన్ని మొన్న పోయింది. కిడ్నీ జబ్బు మనిషి, పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకోవడం మానేసింది. బతకాలన్న ఆశే ఆమెలో ఆరిపోయింది.

పిన్ని జీడిపప్పుకి పొట్టు తీసేది. పక్కనే ఆమె కూతురు, మా చెల్లి, నిండు గుళ్ళు ఒక చేటలో, విడిపోయిన బద్దలు ఒక చేటలో వేసేది. ఎవరైనా కలిపితే చెవులు మూసుకుని అరిచేది. పసితనం నుంచీ మాట తక్కువ, కళ్ళలోకి చూడదు, పళ్ళెం మారిస్తే తినదు. దానికి గాలి పట్టిందని తేల్చింది నేనే. గ్రంథం చేతపట్టి, నా పురాణం వినవచ్చిన మీ చేతే డప్పులు కొట్టించాను. ఆ మోతకి చెల్లి గోడకి తల బాదుకుంటుంటే, గాలి లొంగుతోందని గర్జించాను.

పిన్ని కేకలేయలేదు. కూతురి తలకి నూనె రాస్తూ అంది: "పట్టిందైతే వదుల్తాది నాయినా. ఇది పుట్టింది. నీ నోరు సూడు, పుట్టినకాడ్నించి ఆగిందేటి? దాన్ని ఏ డప్పు వదలగొట్టింది?"

తర్వాత తల్లీకూతుళ్ళని తీసుకెళ్ళి చూపిస్తే టెక్కలి డాక్టరమ్మ కూడా అదే చెప్పింది. చెల్లిది ఆటిజం, మెదడు ఎదిగిన తీరే అది. సద్దు తగ్గించి, ఓపికగా నేర్పుకోవాలి. పిన్నికి మాత్రం మధ్యలో వచ్చిన జబ్బు, డిప్రెషన్. అందరినీ నవ్వించే మనిషి నవ్వు మానేసింది, నిద్ర లేదు, ముద్ద దిగదు. దానికి మందుంది, నయమవుతుంది అంది. తిరిగొస్తుంటే మందుల షాపు దగ్గర ఆటో ఆపనివ్వలేదు నేను. "దిగులుకి మందేటి పిన్నీ, నామం సెప్పుకో" అన్నాను. నా మాట మీద గురితో అలాగే చెప్పుకుంది.

శని పట్టిన రాజులకి శని వదిలింది. పుట్టుగుడ్డి రాజుకి ఎవరైనా భూతవైద్యం చేయించారా? ఆ కథ నేనే వందసార్లు చెప్పాను. ఒక్కసారీ వినలేదు. వదలనిదాన్ని వదలగొట్టబోయి, వదిలేదాన్ని పిన్ని ప్రాణం మీద కూర్చోబెట్టాను.

ఇప్పుడు తల్లి పోయిన దుఃఖంలో చెల్లి అన్నం ముట్టడం లేదు. తల్లే దయ్యమై పట్టిందని మేనమామలు అంటున్నారు. సాయంత్రం భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్తారట. వాళ్ళకి ఆ మాట నేర్పింది నేనే, నా ఒక్కడి మాట ఇక వినరు. నాతో పాటు అరిచినవాళ్ళందరూ ఈవేళే పూండి రండి. గొంతెత్తకండి. వీధి గుమ్మానికి అడ్డంగా కూర్చుందాం. లోపల ఆ పిల్ల, తల్లి చీర కొంగు వేలికి చుట్టుకుని, విప్పుకుని, మళ్ళీ చుట్టుకుంటోంది. పొద్దు వాలకముందే రండి.