బండి ఉన్నన్నాళ్లు ఏసుదాసు

తిమ్మరాజు జర్మనీ కారు కొన్నది 1994లో. అంతకుముందు ఆయనకు ఒక పాత అంబాసిడర్ ఉండేది. దానికి రెండేళ్లుగా ఏసుదాసు డ్రైవరు. అంతకుముందు పద్దెనిమిదేళ్లు లారీ తోలాడు.

తిమ్మరాజుది ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం. ఇరవై మగ్గాలకు పట్టు ఇచ్చి చీరలు నేయించేవాడు. ఆ పట్టు కోసం ప్రతి మంగళవారం హిందూపురం పోయేవాడు. ధర్మవరం నుంచి చెన్నేకొత్తపల్లి. అక్కడ హైవే ఎక్కితే పెనుకొండ. ఆ తరువాత హిందూపురం. రెండు గంటల దారి. పెనుకొండ దగ్గర ఒక ఎక్కుడు ఉంది, మలుపులున్న కొండదారి. లారీలన్నీ అక్కడ నడక వేగానికి దిగుతాయి.

కొన్న కారు కొత్తది కాదు. బెంగుళూరు ఇంజనీరు ఒకాయన జర్మనీలో పనిచేసి, 1990లో తిరిగి వస్తూ వెంట తెచ్చుకున్నది. తిమ్మరాజు కొనేనాటికే ఏడేళ్లది. ముదురు నీలం. నాలుగు తలుపులు. నేలకు దగ్గరగా కూర్చుని ఉండేది. పందేల కార్లలో పెట్టే రకం ఇంజను ఇందులో ఉందని ఇంజనీరు చెప్పాడు. వేగం చూపించే ముల్లు కింద 240 దాకా అంకెలు ఉన్నాయి. స్టీరింగు ఎడమ పక్కన ఉంది. అందుకే దాన్ని ఎవరూ కొనలేదు. అందుకే తిమ్మరాజు కొనగలిగాడు.

ఇంటి ముందు టెంకాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. చూడటానికి వీధి అంతా వచ్చింది. బండి ఆరు నెలలు నడుస్తుందని ఎక్కువమంది అన్నారు. ఎదురింటి కొండప్ప మూడు నెలలన్నాడు.

"దీని సామాను యాడ దొరకతాదప్పా? ఒక బోల్టు పోతే జర్మనీకి జాబు రాయల్ల. ఆ జాబు వాళ్లు చదివి, తిరిగి రాసి, బోల్టు ఈడికొచ్చే లోపల దీంట్లో కోళ్లు పొదుగుతాయి."

తిమ్మరాజుకు కోపం వచ్చింది. కోపం కొండప్ప మీద వచ్చింది గానీ మాట ఏసుదాసుతో అన్నాడు.

"వినుకో ఏసుదాసూ. ఈ బండి ఉన్నన్నాళ్లు నువ్వు నా కాడ ఉంటావు. ఇది నిలబడిపోయిన రోజు నువ్వూ ఇంటికి పో. నేను బస్సులో తిరుగుతా."

వీధి అంతా విన్నది. తిమ్మరాజు నలుగురి ముందు అన్న మాట తిప్పే మనిషి కాదు. ఏసుదాసుకు ఆ సంగతి తెలుసు.

అతను ఇంటికి పోయి భార్య ఎస్తేరమ్మకు చెప్పాడు.

"బండి వయసెంత?" అని ఆమె అడిగింది.

"ఏడేండ్లు."

"మన చిన్నోడంత. ఇంకమీద వాన్ని నేను చూసుకుంటాలే. నువ్వు దాన్ని చూసుకో."

ఏసుదాసుకు అప్పుడు నలభై రెండు. లారీ మీదికి తిరిగి పోవడానికి నడుము ఒప్పుకోదు. వేరే పని తెలియదు. అయినా ఆ రాత్రి అతనికి నిద్ర పట్టింది. పొద్దున్నే లేచి బండి కడిగాడు.

స్టీరింగు ఎడమ పక్కన ఉంటే ముందు పోయే లారీ తప్ప ఇంకేమీ కనపడదు. దాటాలంటే కుడి పక్కన కూర్చున్న మనిషి చూసి చెప్పాలి. అంబాసిడర్‌లో వెనక సీట్లో కూర్చునే తిమ్మరాజు ఇప్పుడు ముందుకు వచ్చాడు. కుడి పక్క కూర్చుని, కిటికీలోంచి తల బయటికి పెట్టి దారి చూసేవాడు. ఖాళీగా ఉంటే "పో" అనేవాడు. లేకపోతే "ఆగు" అనేవాడు. లారీలో క్లీనరు చేసే పని అది. తిమ్మరాజుకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

చెన్నేకొత్తపల్లిలో ఒకసారి పోలీసు ఆపాడు. కుడి కిటికీ దగ్గరికి వచ్చి తిమ్మరాజును లైసెన్సు అడిగాడు.

"నేను డ్రైవరు కాదప్పా, ఓనరు."

"మరి ఈడ కూర్చున్నావే? స్టీరింగు యాడ?"

"ఆ పక్క ఉండాది."

పోలీసు వంగి చూశాడు. ఏసుదాసు అవతలి నుంచి దండం పెట్టాడు. పోలీసు కాసేపు ఆలోచించి ఇద్దర్నీ పొమ్మన్నాడు.

మొదటి ఎండాకాలంలోనే పెనుకొండ ఎక్కుడు మీద బండి ఉడికింది. వేడి చూపించే ముల్లు ఎర్రగీతలోకి పోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. ఏసుదాసు బండి పక్కకు తీసి, ఇంజను ఆపి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తిమ్మరాజు దిగి, వచ్చే బండ్లకు చెయ్యి ఎత్తాడు. 

బండిని ఒక ట్రాక్టరుకు కట్టి హిందూపురం చేర్చారు. అక్కడ మెకానిక్ గంగాధర ఉన్నాడు. వయసులో చిన్నవాడు. తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించే మనిషి. రేడియేటరు విప్పి లోపల వేలు పెట్టి తీశాడు. వేలు తెల్లగా ఉంది.

"ఇది రేడియేటరు కాదన్నా, సున్నపు బట్టీ. ఏమి నీళ్లు పోసినావు?"

"మేము తాగే నీళ్లే. మా కాలనీ బోరువి. ఇంటికి తెచ్చుకున్నవాట్లోనే దీనికీ పోసినా."

"తాగే నీళ్లా! మీకు గట్టి పొట్టలుండాయి. దానికి లేదు."

గంగాధర రేడియేటరును రెండు రోజులు ఏదో మందులో నానబెట్టి కడిగాడు. బెంగుళూరు నుంచి పచ్చటి కూలెంటు డబ్బా తెప్పించాడు. సగం ఇది, సగం నీళ్లు, ఆ నీళ్లలో ఉప్పు ఉండకూడదు అన్నాడు. ఇంకోసారి సున్నం కట్టితే ఇంజనే పోతుందన్నాడు.

ధర్మవరంలో ఉప్పు లేని నీళ్లు ఎక్కడున్నాయో ఏసుదాసుకు తెలియదు. నాలుగు రోజులు అందర్నీ అడిగాడు. అందరూ తమ బోరు నీళ్లే తియ్యగా ఉంటాయన్నారు. ఐదో రోజు తిమ్మరాజు పట్టు కట్టలు తీసుకుని, ఏసుదాసును వెంటబెట్టుకుని చెన్నప్ప దగ్గరికి పోయాడు. చెన్నప్ప పట్టుకు రంగులు అద్దే మనిషి. ముప్పై ఏళ్లుగా అదే పని. మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది. ఆ రోజు వంకాయ రంగు.

విషయం విని చెన్నప్ప నవ్వాడు.

"ఊరంతా తిరిగి నన్నెందుకు అడగలేదబ్బా? పట్టు కూడా ఉప్పు నీళ్లను ఒప్పుకోదు. రంగు మచ్చలు మచ్చలుగా ఎక్కుతాది. మనిషే ఏది పోసినా తాగుతాడు."

అతని రంగుల కొట్టం వెనక ఒక పాత బావి ఉంది. లోతు లేదు. వాన నీళ్లు ఇంకే బావి. చెన్నప్ప అరచేతిలో ఆ నీళ్లు కొన్ని పోసుకుని సబ్బుముక్క రుద్దాడు. నురగ లేచింది. వీధిలో బోరు నీళ్లు తెప్పించి మళ్లీ రుద్దాడు. నురగ రాలేదు. సబ్బు పాలలాగా విరిగింది.

"ఇంతే లెక్క. నురగొస్తే పొయ్యి. విరిగితే పారబొయ్యి."

ఏసుదాసు ఆ సబ్బుముక్కను అడిగి తీసుకున్నాడు. అది అయిపోయినాక ఇంకొకటి. డాష్‌బోర్డు అరలో బండి కాగితాల పక్కన ఎప్పుడూ ఒక సబ్బుముక్క ఉండేది. దారిలో నీళ్లు కావలసి వస్తే ముందు అరచేతిలో రుద్ది చూసేవాడు. బుక్కపట్నంలో ఒక పెళ్లికి పోయినప్పుడు చెరువు నీళ్లను కూడా అలాగే చూశాడు. నురగ పరవాలేదు. పెళ్లివాళ్లు అతన్ని చాలా శుభ్రమైన మనిషి అనుకున్నారు.

ఆరు నెలలు గడిచాయి. ఆరేళ్లు గడిచాయి. కొండప్ప అభిప్రాయం మార్చుకోలేదు. బండి కనపడినప్పుడల్లా "ఇంకా ఉండాదా?" అనేవాడు.

కొన్ని పోయాయి. వెనక కిటికీ అద్దం ఒకటి దిగి మళ్లీ ఎక్కలేదు, దానికి చెక్కముక్క అడ్డం పెట్టారు. పైకప్పు గుడ్డ ఎండకు ఊడి వేలాడితే ఎస్తేరమ్మ కుట్టింది. గడియారం పోయింది. వాన పడితే హారను దానంతటదే మోగేది. రబ్బరు గొట్టాలు రెండేళ్లకోసారి గంగాధర మార్చేవాడు, అవి ఏ బండివో అడిగితే చెప్పేవాడు కాదు. ఇంజను మాత్రం పోలేదు. వేగం ముల్లు ఎనభై దాటింది లేదు. ఎనభై తరువాతి అంకెలు వాడకుండా కొత్తగా ఉన్నాయి.

కరువు వచ్చిన ఏడు చెన్నప్ప బావి ఎండింది. ఏసుదాసు చర్చి రేకుల కప్పు అంచు కింద రెండు డ్రమ్ములు పెట్టాడు. ఆ ఏడు రెండే వానలు. రెండు డ్రమ్ములూ నిండాయి. ఒకటి చెన్నప్పకు ఇచ్చాడు.

2002 చివర్లో ఏసుదాసుకు కుడి కన్ను మసకబారింది. మరుసటి ఏడు ఎడమది. సాయంత్రం ఎదురొచ్చే లైట్లు పువ్వుల్లా విచ్చుకునేవి. పగలు అన్నీ పొగలో ఉన్నట్టు ఉండేవి. డాక్టరు దగ్గరికి పోతే తెలిసిపోతుంది. తెలిస్తే తిమ్మరాజు వేరే డ్రైవరును పెట్టుకుంటాడు. బండి నిలబడిపోతే పని పోతుందని పదేళ్లుగా భయపడ్డాడు. తాను నిలబడిపోతే ఏమవుతుందో తిమ్మరాజు ఇచ్చిన ఆ మాటలో లేదు. ఎస్తేరమ్మకు కూడా చెప్పలేదు.

దారి అతనికి కంఠతా వచ్చు. మిగతాది తిమ్మరాజు చూస్తున్నాడు కదా అనుకున్నాడు.

2005లో బండి ఇక్కడి రిజిస్ట్రేషనుకు పదిహేనేళ్ల గడువు తీరింది. అదే నెలలో ఏసుదాసు లైసెన్సు గడువు కూడా తీరింది. తిమ్మరాజు రెండు పనులూ ఒక్క మంగళవారమే పెట్టుకున్నాడు. హిందూపురం రవాణా ఆఫీసులో ఇన్‌స్పెక్టరు బానెట్ ఎత్తి చూశాడు. ఇంజను ఆన్ చేయమన్నాడు. పొగ చూశాడు. బ్రేకు చూశాడు. ఇలాంటి బండి ఈ ఊళ్లలో ఉందని తనకు తెలియదన్నాడు. ఐదేళ్లకు రాసి ఇచ్చాడు.

లైసెన్సుకు డాక్టరు కాగితం కావాలి. డాక్టరు గోడ మీద అక్షరాల పలక చూపించాడు. పై వరసలో ఉన్నది ఒకటే అక్షరం, జానెడంత. అక్కడ ఏదో ఉందని ఏసుదాసు ఒప్పుకున్నాడు. ఏమిటో చెప్పలేకపోయాడు.

"రెండు కండ్లకూ పొరలు. ఎన్నాళ్లుగా తోలుతాండావు ఇట్లా?" అన్నాడు డాక్టరు.

ఏసుదాసు బయటికి వచ్చి తాళం చెవులు తిమ్మరాజు చేతిలో పెట్టాడు. గంగాధర కూడా అక్కడే ఉన్నాడు. బండి పరీక్ష చూడటానికి షాపు మూసి వచ్చాడు.

"బండి ఉండాదన్నా. నేనే నిలబడిపోయినా."

తిమ్మరాజు విషయం విన్నాడు.

"ఎన్నాళ్లయింది?"

"రెండున్నర ఏండ్లు."

"మరి ఎక్కుడు మీద లారీలను ఎట్ల దాటుతాంటివి?"

"మీరు పో అంటాంటిరి కదన్నా. పోతాంటి."

తిమ్మరాజు కళ్లద్దాలు తీశాడు. పంచె అంచుతో తుడిచాడు. మళ్లీ పెట్టుకోలేదు.

"నేను పో అనేది నువ్వు గేరు మారిస్తే కదప్పా. నీకు దోవ కనపడే మారుస్తాండావు అనుకొంటి."

"గేరు మారిస్తే మీరు చూసి చెప్తారని మారుస్తాంటి."

"నాకేం కనపడతాదప్పా? ఈ అద్దాలు మార్చి ఆరేండ్లయింది. కండ్లు కనపడనోడు పట్టు కొంటాండాడని మార్కెట్లో తెలిస్తే నాకు నాసిరకం అంటగడతారు. వేళ్లతో పట్టి చూసి నెట్టుకొస్తాండా."

 గంగాధర లోపల ఏదో గుణించుకున్నాడు.

"నూట ముప్పై మంగళవారాలు," అన్నాడు. "పోను, రాను."

"నువ్వు నోరు మూసుకో," అన్నాడు తిమ్మరాజు.

ఆయన తాళం చెవులు చూశాడు. ఆఫీసు ఇచ్చిన కాగితం చూశాడు. దాన్ని ముఖానికి బాగా దగ్గరగా పెట్టుకున్నాడు.

"నేను ఆ పొద్దు ఏమని చెప్పినా ఏసుదాసూ? బండి ఉన్నన్నాళ్లు అని చెప్పినా. మనిషి కండ్ల గురించి చెప్పలేదు. దీనికి ఐదేండ్లు రాసిచ్చినారు. ఐదేండ్లు నిన్ను పంపేదానికి లేదు. ఎక్కు."

"యాడ ఎక్కేదన్నా?"

"యెనక."

గంగాధర తోలాడు. ఇద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. ఏసుదాసు ఆ సీట్లో కూర్చోవడం అదే మొదలు. మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ధర్మవరం చేరేదాకా బండి చప్పుడు విన్నాడు. వెనక నుంచి కూడా బాగానే ఉంది.

చూపిస్తే తిమ్మరాజు కళ్లకూ పొరలే అని తేలింది, హిందూపురం ఆసుపత్రిలో ఇద్దరికీ ఒకే రోజు ఆపరేషన్ జరిగింది. ఒక్కొక్కరికి ముందు ఒక కన్ను. పక్కపక్క మంచాలు. తిరిగి వచ్చేటప్పుడు తిమ్మరాజు కూతురు సుచిత్ర బండి తోలింది. పెనుకొండ ఎక్కుడు మీద ముందు ఒక లారీ పోతోంది.

"పోవచ్చా నాయనా?" అని సుచిత్ర అడిగింది.

వెనక ఇద్దరు మనుషులు, కంటికి కట్టిన రెండు పచ్చ గుడ్డలు. ఇద్దరూ ఒకరి వైపు ఒకరు తిరిగారు.

"ఏసుదాసు మామా?"

"మమ్మల్ని అడగద్దు తల్లీ," అన్నాడు ఏసుదాసు. "నీ ఇష్టం కూడా వద్దు. దాని యెనకే రా."

రెండో కన్ను కూడా బాగైనాక లైసెన్సు తిరిగి వచ్చింది. డాక్టరు పలక మీద కింది వరస కూడా ఏసుదాసు చదివాడు, అడగకముందే. తిమ్మరాజు కొత్త అద్దాలు వేయించుకున్నాడు.

తరువాతి మంగళవారం పొద్దున ఏసుదాసు బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇన్నాళ్లూ తనకు కనపడని గీతలు పదకొండు ఉన్నాయి. బానెట్ ఎత్తాడు. అరచేతిలో సబ్బు రుద్ది, నురగ చూసి, నీళ్లు పోశాడు. కొండప్ప అరుగు మీద నుంచి "ఇంకా ఉండాదా?" అన్నాడు.

"ఉండాది," అన్నాడు ఏసుదాసు. "ఇద్దరమూ ఉండాం."

పెనుకొండ ఎక్కుడు మీద ఎర్రమట్టి లారీ ఒకటి ముందుంది. ఏసుదాసు గేరు మీద చెయ్యి వేశాడు. తిమ్మరాజు తల బయటికి పెట్టి చూశాడు. మలుపు కనపడింది. మలుపు పక్కన లోయ కనపడింది. లోయలో ఎప్పుడో పడిన లారీ డొక్కు ఒకటి కనపడింది. పదకొండేళ్లుగా అది అక్కడే ఉన్నట్టుంది. ఎదురుగా దారి ఖాళీగా ఉంది.

"ఆగు," అన్నాడు.

ఏసుదాసు గేరు మీది నుంచి చెయ్యి తీశాడు. చెప్పకపోయినా తీసేవాడే.

అంతకుముందు హిందూపురానికి రెండు గంటలు పట్టేది. ఆ రోజు నుంచి మూడు గంటలు పట్టింది. ఎక్కుడు మొత్తం లారీ వెనకే మొదటి గేరులో ఎక్కేవాళ్లు. ఏసుదాసు మధ్యమధ్యలో వేడి చూపించే ముల్లు వైపు చూసేవాడు. అది సరిగ్గా మధ్యలో ఉండేది.