ముక్కు కొసన ఆగిన వేలు

మా చెవి డాక్టరుగారు పోయారని మొన్న మంగళవారం పొద్దున ఆయన కాంపౌండరు ఫోన్ చేసి చెప్పాడు. ఖమ్మంలో మా ఖానాపురం హవేలి పేటలో అందరూ ఆయన్ను 'పుర్రె డాక్టరు' అనేవారు. నేనెంత మందలించినా మానలేదు. చెవి వెనక ఎముకను తొలిచి, పుర్రె అడుగున పెరిగే గడ్డలు తీయడం ఆయన పని.

ఆయనది భద్రాచలం అవతల అడవి అంచు ఊరు. ఆపరేషన్లు హైదరాబాదులో చేసేవారు. ఆదివారాలు ఖమ్మం వచ్చి రోగులను చూసేవారు. నాలుగేళ్ల క్రితం నా కుడి చెవి వెనక గడ్డ ఉందని కనిపెట్టింది ఆయనే. ముఖాన్ని కదిలించే నరం డ్రిల్లుకు ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలోనే ఉంటుందనీ, అది దెబ్బతింటే మూతి వంకరపోతుందనీ, కన్ను మూతపడదనీ చెప్పారు.

"భయపెడుతున్నారా?" అన్నాను.

"లేదు టీచరమ్మా. మీరు లెక్కల టీచరు గదా, లెక్క చెప్తున్న."

సొరుగులోంచి ఒక కోడిగుడ్డు తీసి చూపించారు. పెంకు రూపాయి బిళ్ళంత మేర తొలిచి ఉంది. లోపలి పొర చినగలేదు.

"రోజూ గిట్ల ఒకటి తొలుస్త. పొరటు వండీ వండీ మా ఇంటామె యాష్టకొచ్చింది."

అప్పుడే కొత్త యంత్రం వచ్చింది. తలకు ఏడు చిన్న బిళ్ళలు అంటించి స్కాన్ తీస్తారు. ఆ గురుతులను బట్టి, పరికరం మొన పుర్రెలో ఎక్కడుందో తెర మీద కనబడుతుంది. అది తప్పు చూపిస్తే ఎలా అని అడిగాను.

"మా నాయన అడవిల గాటు పెట్టిన చెట్టును ముట్టుకొని చూసి గాని ముందుకు పోకపోయేది. దారి తెల్వక గాదు. నేను గూడ ముందుగాల పరికరం మొనతోని మీ ముక్కు కొస ముడత. తెర మీద గూడ ముక్కు కొసే కనబడాలె. గప్పుడే డ్రిల్లు."

స్కాన్ అయిన మర్నాడు ఆపరేషన్. పొద్దున్నే అద్దం చూస్తే, సరిగ్గా నా బొట్టు చోట బిళ్ళ ఉంది. బొట్టు లేకుండా ఏనాడూ గడప దాటినదాన్ని కాను. బిళ్ళ ఊడదీసి, కుంకుమ పెట్టుకుని, దాన్ని కాస్త పైన అంటించాను. ఏమైనా కదిలాయా అని సిస్టరు అడిగితే లేదన్నాను. ముప్పై ఒక్క ఏళ్లు పిల్లల అబద్ధాలు పట్టుకున్నదాన్ని, అంత తేలిగ్గా అనేశాను.

మత్తు వదిలి మెలకువ వచ్చాక చెవి వెనక తడుముకున్నాను. కట్టు లేదు. మంచం పక్కన డాక్టరుగారు ఉన్నారు.

"అయిపోయిందా?"

"సురువే చెయ్యలే. మీ ముక్కు ముడితే తెర మీద గాలిల చూపెట్టింది. ఏంది టీచరమ్మా, నుదుటి బిళ్ళ జరిపిండ్రా?"

"బొట్టు కోసం..."

"మీ బడిల పిల్లలు గిట్ల చేస్తే ఏం చేసేటోళ్లు?"

"గోడకుర్చీ."

"అవ్. కోలుకున్నంక వేయిస్త."

మిగతా ఆరింటితో కానిచ్చేద్దామని థియేటర్లో ఎవరో అన్నారట. ఆయన ససేమిరా అన్నారని సిస్టరు తర్వాత చెప్పింది. రెండు రోజులకు ఆయనే స్వయంగా బిళ్ళలు అంటించి, ఒక్కోదాని చుట్టూ పెన్నుతో సున్నా చుట్టారు. నుదుటి నడుమ ఖాళీ వదిలి, "ఇది మీ జాగా" అన్నారు.

మళ్లీ స్కాన్ తీయించి ఆపరేషన్ చేశారు. గడ్డ పోయింది. ఆయన ముందే చెప్పినట్టు ఆ చెవికి వినికిడి పోయింది. నరం దక్కింది. ఆ తర్వాత ఎప్పుడు కనబడినా, "గోడకుర్చీ యాది ఉన్నదా?" అని అడిగేవారు.

మొన్న ఫోన్ పెట్టేసి, అలవాటు కొద్దీ అద్దం ముందు నిలబడ్డాను. కుంకుమ అద్దిన వేలు నుదుటికి వెళ్లకుండా ముక్కు కొసన ఆగింది. అక్కడ ఎర్రటి చుక్క పడింది. తుడుచుకోబుద్ధి కాలేదు. ఏడుపొచ్చింది. రెండు కళ్లూ సమంగా మూతపడ్డాయి.