రెక్కల మీది పేర్లు

రొయ్యల చెరువులు కలిసొచ్చిన కొత్తలో మా ఊరి కొత్త ధనవంతులు కొందరు పేదపిల్లల చదువుకని ఫౌండేషన్ పెట్టారు. మొదటి సమావేశం మా వసారాలో, మా తాతగారి కుర్చీల్లోనే జరిగింది. పదేళ్లు తిరక్కుండా వాళ్లకి సొంత హాలు లేచింది. మాకు ఆ వసారా కూడా మిగల్లేదు.

ఇచ్చింది చెప్పుకోవడం మా ఇంట్లో సిగ్గుచేటు. వీళ్లు ప్రతి ఫ్యాను రెక్క మీదా దాత పేరు ఎర్రరంగుతో రాయించారు. తిరిగితే పేర్లు కనపడవని, సభ జరిగినంతసేపూ ఫ్యాన్లు ఆపేసేవారు!

ఒక జూన్ నెల సభలో, మా అమ్మాయి నర్సింగు చదువుకి సాయం కోసం తనతోపాటు నేనూ కూర్చోవాల్సి వచ్చింది. మనవడితో వచ్చిన ఒక ముసలావిడ ఉక్కకి సొమ్మసిల్లింది. లేచి స్విచ్చులన్నీ వేశాను.

సెక్రటరీ పరుగున వచ్చాడు. "ఫొటోలు తీస్తున్నారండీ! లిస్టులో మీ అమ్మాయి పేరు కూడా ఉంది, కాస్త ఆలోచించండి."

"ఆలోచించే వేశానండి. మీ పేర్లకి కూడా కాస్త గాలి తగలనివ్వండి."

అందరి పేర్లూ పిలిచారు, మా అమ్మాయి పేరు తప్ప. నేను లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"సభయ్యేదాకా ఉందాం నాన్నగారూ. మనం వెళ్తే మళ్లీ ఫ్యాన్లు ఆపేస్తారు."