మా నాయన పిలిచిన కంప్యూటర్ టెండరు

ఇప్పుడైతే కంప్యూటర్ కొనాలంటే మంచం మీద పడుకుని ఫోనులో నాలుగుసార్లు వేలు ఆడిస్తే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ కళ్ళ ముందుకు వస్తాయి. మా కాలంలో, అంటే కోలారు బంగారు గనులు మూతపడిన మరుసటి ఏడు, మా ఊళ్ళో కంప్యూటర్ సంగతి విచారించడమంటే పెళ్ళికొడుకు గుణగణాలు విచారించడమే. ఎవరిని అడిగినా ఏదో ఒకటి చెప్పేవారు, ఎవరికీ ఏమీ తెలియదు. నాకు మాత్రం అన్నీ తెలుసని నా నమ్మకం. (రాబర్ట్‌సన్‌పేటలో మూడు నెలలు డీటీపీ నేర్చుకున్నాను. కంప్యూటర్ ఆన్ చేయడం, మొరాయిస్తే ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేయడం బాగా వచ్చేసింది.)

ఆ విద్య చూసి ఒక ప్రింటింగ్ ప్రెస్సు యజమాని నాకొక మాట ఇచ్చాడు. సొంత కంప్యూటర్ ఉంటే పెళ్ళిపత్రికల కంపోజింగు మొత్తం నాకే ఇస్తాడట. కన్నడం, తెలుగు, తమిళం, ఇంగ్లీషు, ఏ భాషలో పెళ్ళి చేసుకున్నా సరే. అయితే మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యేలోపు కంప్యూటర్ ఇంటికి రావాలి, లేకపోతే పని ఇంకొకరికి పోతుంది. మా నాయన గనుల స్టోర్సులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేశాడు. గనితోపాటు ఆ ఉద్యోగమూ మూతపడింది కాబట్టి, ఇంట్లో మళ్ళీ సంపాదన మొదలయ్యేది నాతోనే అని నాకు ఎక్కడలేని పట్టుదల. కంప్యూటర్ కొందామంటే నాయన ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు, సరేనన్నాడు. ఆ సరే వెనక ఏముందో తెలిసి ఉంటే పాత టైపురైటర్ ఒకటి చూసుకుని ఊరుకునేదాన్ని.

"స్పెసిఫికేషన్ లేకుండా మేము బోల్టు గూడా కొనలేదమ్మా," అని ఫూల్‌స్కాప్ కాగితం తీసి, స్కేలు పెట్టి గడులు గీశాడు. వస్తువు, వివరము, తయారీదారు, పరిమాణము, విశేషములు. విశేషముల గడిలో తన చక్కని చేతిరాతతో 'సయనైడ్ దిబ్బల దుమ్మును తట్టుకొనునదై ఉండవలెను' అని రాశాడు. అలాంటి కంప్యూటర్ లోకంలో లేదని నేను మొత్తుకుంటే, గాలికాలంలో గని పారబోసిన ఆ మట్టిదిబ్బల దుమ్ము మనింట్లో అన్నంలోకే పడుతుంది, పెట్టెలోకి పడదా అని అడిగాడు. ఆ తర్వాత బెంగళూరులో మూడు అంగళ్ళకు, కొటేషన్ పంపవలసిందిగా ఉత్తరాలు రాశాడు. ఒక్కరూ పలకలేదు. పదిహేను రోజులు ఆగి రిమైండరు పంపాడు, మరో వారానికి ఫైనల్ రిమైండరు. కొనేవాడు ఇంట్లో కూర్చుని అంగడివాణ్ణి ఉత్తరాలతో బెదిరించడం నేనెక్కడా చూడలేదు. వంటింట్లోకి వెళ్ళి అమ్మ దగ్గర ఏడ్చాను. అమ్మ రాగిసంగటి కెలుకుతూ, "నన్ను చూసుకునేదానికే మూడు తూర్లు వచ్చినాడు మీ నాయన. ఇంగ ఆ పెట్టెకు ఎన్ని తూర్లు పోతాడో," అని సంగటి ముద్ద చేసి పెట్టింది.

ఇది చాలదన్నట్టు మా పక్కింటి రైలన్న రంగంలోకి దిగాడు. (అసలు పేరు వేరే. రోజూ తెల్లవారుతూనే బెంగళూరు రైలెక్కి చీకటి పడ్డాక దిగే మనిషి కావడంతో ఆ పేరు నిలిచిపోయింది.) రైలన్న ఎక్కే రైలుపెట్టెలో ప్రయాణం చేసేవాళ్ళంతా కంప్యూటర్ పండితులే. వాళ్ళ తీర్పులన్నీ మోసుకొచ్చి ఆదివారం మా అరుగు మీద దించేవాడు. మొదటి ఆదివారం ర్యామ్ అరవై నాలుగు చాలన్నాడు. రెండో ఆదివారం, నూట ఇరవై ఎనిమిది లేకపోతే అది కంప్యూటరే కాదట. మూడో ఆదివారం పెంటియం త్రీ పాతబడిపోయింది, ఫోర్ వచ్చేసిందన్నాడు. మధ్యలో స్పెసిఫికేషన్ మారితే టెండరు మళ్ళీ మొదటినుంచి పిలవాలని స్టోర్సు నియమం. ప్రతి ఆదివారం మా నాయన కొత్త కాగితం తీసేవాడు, స్కేలు తీసేవాడు. వాళ్ళకేమో పిల్లి చెలగాటం, నాకేమో ఎలుక ప్రాణసంకటం. పుష్యమాసం కరిగిపోతోంది.

చివరికి నేను రెండు రోజులు అన్నం మానేస్తే (మధ్యలో అమ్మ పెట్టిన నిప్పట్లు లెక్కలోకి రావు) నాయన నన్ను వెంటబెట్టుకుని బెంగళూరుకు బయలుదేరాడు. అంగట్లోకి అడుగుపెట్టగానే జేబులోంచి టేపు తీసి కంప్యూటర్ పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి రాసుకున్నాడు. టెస్ట్ సర్టిఫికెట్ అడిగాడు. అంగడి యజమాని మంచివాడు, వివరాలన్నీ ఇందులో ఉన్నాయని రంగుల కాగితం ఒకటి చేతికిచ్చాడు. నాయన దాన్ని పైనుంచి కిందికి చదివి, ఇది తయారు చేసినవాళ్ళు చెప్పుకునే మాట, పరీక్ష చేసినవాళ్ళ మాట ఏదని అడిగి, ఈ సరుకులో ఒకదాన్ని మా ఎదుట పగలగొట్టి చూపిస్తారా అన్నాడు. అంగడిలో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. నాయన తొణక్కుండా కన్నడంలో వివరించాడు. మనుషులను గనిలోకి దింపే కేజికి కట్టే ఇనుప తాడును కొన్ని నెలలకొకసారి కొసన ముక్క కోసి, యంత్రంలో పెట్టి తెగేదాకా లాగి చూస్తారట. ఎంత బరువుకు తెగుతుందో తెలియని తాడుకు మనిషిని ఎలా వేలాడదీస్తారు అని అడిగాడు. నాకు భూమి రెండుగా చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

"నాయనా, ఇది ఆగిపోతే యవరూ చావరు," అన్నాను, అందరికీ వినబడేలాగే.

నాయన టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఆగిపోతే నీ పని పోతాది గదమ్మా," అన్నాడు మెల్లగా. "పని పోతే ఎట్ల ఉంటాదో నాకు తెలుసు."

కోపం తలకెక్కి ఉన్న నేను ఆ మాట విన్నానే గాని, చెవిలో పడినంత సేపు కూడా మనసులో నిలవనీయలేదు. నాకంటే ముందు అంగడి యజమానికే అర్థమైంది. ఆయన కంప్యూటర్ ఆన్ చేసి, ఒక స్టూలు తెచ్చి వేసి, సాయంత్రం దాకా నడుస్తుంది, ఎదురుగా కూర్చుని చూసుకోండి అన్నాడు. నాయన అలాగే కూర్చున్నాడు. రైలు వేళ దాకా అది ఆగలేదు, నాయనా లేవలేదు. మానిటర్ నా ఒళ్ళో, మిగతాది నాయన కాళ్ళ మధ్య పెట్టుకుని ఊరు చేరాము.

అప్పటికే మాఘమాసం వచ్చేసింది. పెళ్ళిపత్రికలు ఇంకొకరికి వెళ్ళిపోయాయి. నా వంతుకు మిగిలినవి గోడలకు అంటించే శ్రద్ధాంజలి పోస్టర్లు. (నాలుగు భాషల్లోనూ ఊరి జనం ఒకేలా పోతారు కాబట్టి పనికి మాత్రం కరువు రాలేదు.) మొదటి పోస్టరు ముందేసుకుని, పళ్ళు నూరుకుంటూ టైపు చేస్తున్న రోజున నాయన ఒక కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. సరుకు అందిన రసీదు. ఒక కంప్యూటర్, స్పెసిఫికేషన్ ప్రకారం సరిగా ఉన్నది, అని రాసి కింద గుమాస్తాగా తన సంతకం పెట్టాడు. ఆఫీసర్ సంతకం చేయల్ల అన్నాడు. యాడ ఉండాడు ఆఫీసర్ అని విసుక్కున్నాను.

"ఇంగ నువ్వే గదమ్మా," అన్నాడు.

చదవకుండానే అడ్డంగా ఒక గీత గీకి ఇచ్చాను. మూడు కాపీలట. రెండోదాని మీద సగం పేరు రాశాను. మూడోది వచ్చేసరికి ఏదో తోచి, ఇంటిపేరుతో సహా పూర్తిగా రాశాను. నాయన సిరా ఆరేదాకా ఊది, మడిచి తీసుకుపోయాడు. ఇప్పుడు ఆ ఆఫీసరమ్మను తలచుకుంటే నవ్వొస్తుంది. అంత పెద్ద ఉద్యోగం వచ్చి కూడా ఆమెకు పద్ధతి తెలియలేదు. మూడు కాపీలూ అయ్యేదాకా నాయన బల్ల పక్కన నిలబడే ఉన్నాడు. ఎదురుగా ఖాళీ కుర్చీ ఉంది, కూర్చోమని అనలేదు.