తప్పు మనిషిని పట్టుకునే బాబాయ్

మా బాబాయ్ ఎప్పుడూ తప్పు మనిషినే పట్టుకుంటాడు. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, నాకు తెలిసిన ఏడాదిన్నరలో ఆయన వేలు పొరపాటున కూడా అసలు దొంగ మీద పడలేదు. నేరం చేసినవాడు ఎదురుగా నిలబడి, చేతిలో కత్తితో, చొక్కా మీద మరకతో, "నేనే చేశానండీ, నన్ను తీసుకుపోండి" అని భోరుమన్నా సరే, బాబాయ్ అతన్ని ఓదార్చి కుర్చీలో కూర్చోబెట్టి, వెనకాల మొక్కలకు నీళ్ళు పోస్తున్న తోటమాలి కాలరు పట్టుకుంటాడు.

కంగారు పడకండి, ఇవి నిజం నేరాలు కావు. మాది వీడియో గేములు తయారుచేసే చిన్న కంపెనీ. రెండో అంతస్తులో మూడు గదులు, ఒక ఫ్రిజ్, పదకొండు మంది మనుషులు. టీవీలో తొమ్మిదేళ్ళు నడిచిన ‘మూసిన కిటికీ’ అనే మిస్టరీ సీరియల్‌ని ఫోనులో ఆడుకునే గేముగా మార్చే పని మాకు దొరికింది. సీరియల్లో ఒక ఇన్‌స్పెక్టరమ్మ ఉండేది. ప్రతి కేసులోనూ ఐదుగురిని అనుమానించి, ఒకరిని పట్టుకునేది. గేములో ఆ పని ఆడేవాళ్ళది. కేసులు మాత్రం పన్నెండూ కొత్తవి. అందరితో మాట్లాడి, ఆధారాలు ఏరుకుని, చివర్లో ఐదుగురిలో ఒకరి మీద వేలు పెట్టాలి.

నేను అందులో మాటల రచయిత్రిని. వినడానికి గొప్పగానే ఉంటుంది. కానీ అసలు దొంగల మాటలు సీరియల్ రాసిన పెద్దవాళ్ళే రాస్తారని ముందే ఒప్పందం. నాకు మిగిలింది అన్యాయంగా దొరికిపోయిన అమాయకుల మాటలు. డ్రైవరు మీద వేలు పెడితే డ్రైవరు ఏమంటాడు, మేనకోడలి మీద పెడితే ఆ పిల్ల ఏమంటుంది, ఇలా కేసుకు నలుగురు చొప్పున నలభై ఎనిమిది మంది. ఏడాదిన్నర పాటు నలభై ఎనిమిది మంది తరఫున కూర్చుని "నేను కాదు మొర్రో" అని రాసిన మనిషిని మీరు ఇంకెక్కడైనా చూశారా?

గేము తయారవుతుండగానే ఆడి చూసి లోపాలు చెప్పడానికి మనుషులు కావాలని, సీరియల్ పూర్తిగా చూసినవాళ్ళయితే మరీ మంచిదని మా బాసు ప్రకటన ఇచ్చాడు. నలుగురు వచ్చారు. ముగ్గురు కాలేజీ పిల్లలు, నాలుగో ఆయన బాబాయ్. ముప్ఫై నాలుగేళ్ళు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసి రాసుకుని రిటైరయిన మనిషి. మొదటి రోజు నన్ను "అమ్మాయ్" అన్నాడు, నేను "బాబాయ్" అన్నాను, చుట్టరికం కుదిరిపోయింది.

మొదటి కేసు ముత్యాల దండ మాయమవడం. పిల్లలు ముగ్గురూ అరగంటలో మేనేజరుని పట్టేశారు. బాబాయ్ గంటన్నర ఆడి తోటమాలిని పట్టుకున్నాడు.

"తోటమాలి ఎందుకు బాబాయ్?"

"వాడి చెప్పులు చూశావా? మట్టిలో తిరిగేవాడి చెప్పులకి మట్టేది?"

"బొమ్మ గీసినతను వెయ్యడం మర్చిపోయాడు బాబాయ్."

"అంటే లోపలి మనిషి సాయం కూడా ఉందన్నమాట. వాణ్ణి కూడా పిలిపించు."

ఐదో కేసులో డ్రైవరుని పట్టుకున్నాడు. పాపం ఆ డ్రైవరు నేరం జరిగిన రోజు రెండు కాళ్ళకీ కట్లతో ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ మాటే అంటే బాబాయ్ నన్ను జాలిగా చూశాడు. "అందుకేనమ్మా అనుమానం. ఎవరూ అనుమానించకూడదని కాళ్ళు విరగ్గొట్టుకున్నాడంటే ఎంత గుండెలు తీసిన బంటో చూడు." ఏడో కేసులో ఏకంగా చనిపోయినాయన మీదే వేలు పెట్టి, ఏమీ రావడం లేదేమిటని ఫోనుని దులిపాడు.

"ఆయన చనిపోయాడు బాబాయ్!"

"అని ఆయన అంటున్నాడు."

పిల్లలు ఆయనకి ‘బోల్తా బాబాయ్’ అని పేరు పెట్టారు. ఆయన నొచ్చుకోలేదు సరికదా, ఫోనులో "బోల్తా బాబాయ్ మాట్లాడుతున్నా" అని తనే చెప్పుకునేవాడు. రోజూ ఆయన ఎవరిని పట్టుకున్నాడో తెలుసుకుంటే గానీ ఆఫీసులో ఎవరికీ టీ గొంతు దిగేది కాదు.

ఒకసారి ఫ్రిజ్‌లో బాసు దాచుకున్న కేకు మాయమైంది. బాసు అగ్గి మీద గుగ్గిలమై, తిన్నవాళ్ళ సంగతి తేలుస్తానన్నాడు. బాబాయ్ దర్యాప్తుకి దిగాడు. అందరి బల్లల దగ్గరికీ వెళ్ళి కుశలప్రశ్నలు వేశాడు. మా ప్రోగ్రామరు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగి, కీబోర్డు మీద దుమ్ముందంటూ జేబురుమాలుతో శుభ్రంగా తుడిచాడు. ఆ ప్రోగ్రామరుని అందరం నిశ్శబ్దం అంటాం. రోజుకి నాలుగు మాటలకి మించి మాట్లాడడు, అందులో రెండు "ఊఁ" లే. చివరికి బాబాయ్ తీర్పు చెప్పాడు.

"కేకు తిన్నది అకౌంట్స్ ఆవిడ."

"ఆవిడ వారం నుంచి ఊళ్ళోనే లేదండీ!" అన్నాడు బాసు.

"తిన్నాక ఎవరుంటారండీ ఊళ్ళో?"

బాసుకి కూడా నవ్వొచ్చి కేకు సంగతి మర్చిపోయాడు. ఆ రోజు నుంచి మా ఆఫీసులో ఒక ఆచారం మొదలైంది. ఏ పొరపాటు జరిగినా ముందు బాబాయ్‌ని అడగడం, ఆయన ఎవరి పేరు చెబితే వాళ్ళకి అందరూ చేతులు కలిపి అభినందనలు చెప్పడం. బాబాయ్ అనుమానించాడంటే ఇక ఆ మనిషికి ఏ మచ్చా లేనట్టే.

ఇలా హాయిగా సాగుతుండగా గేము బరువెక్కింది. మామూలు ఫోన్లలో పెడితే ఆగి ఆగి నడుస్తోంది, పట్టుకున్న చెయ్యి కాలుతోంది. విడుదలకి మూడు వారాలే ఉంది. ఏదో ఒకటి తీసెయ్యాలి. గేము మొదట్లో కిటికీ మీద వాన పడుతుంది. ఆ వానలో ఒక్కో చినుకునీ విడివిడిగా గీయించాడు బాసు, ఎనిమిది నెలలు పట్టింది. దాని జోలికి వెళ్ళే ధైర్యం ఎవరికీ లేదు. సోమవారం నన్ను పిలిచాడు.

"అమాయకుల సీన్లు తీసేద్దామమ్మా."

"ఎన్ని సార్?"

"అన్నీ. ‘తప్పు, మళ్ళీ ప్రయత్నించండి’ అని ఒక బోర్డు పెడితే సరిపోతుంది. ఎవరు చూస్తున్నారు వాటిని? పిల్లలు ముగ్గురూ టక్కున దొంగ దగ్గరికి పోతున్నారు. చూసేది బోల్తా బాబాయ్ ఒక్కడే. ఒక్క మనిషి కోసం నలభై ఎనిమిది సీన్లు మోస్తామా?"

అమాయకులు పోతే వాళ్ళ రచయిత్రి కూడా పోతుందని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఇద్దరికీ తెలుసు.

"ఇంకొకటి," అన్నాడు బాసు. "శుక్రవారం సీరియల్ తీసిన మేడమ్ చూడటానికి వస్తున్నారు. సీరియల్ అభిమాని ఎవరైనా ఆడుతుంటే చూస్తానన్నారు. బాబాయ్‌నే కూర్చోబెడతాను. కానీ ఆవిడ ముందు కూడా బోల్తా కొడితే మన పరువు గంగలో కలుస్తుంది. దొంగని పట్టుకుంటే ఆయన ఉంటాడు, లేకపోతే అదే ఆఖరి రోజు. ఆయనకి కూడా చెప్పేశాను."

అబద్ధం ఎందుకు, ఆ మధ్యాహ్నం బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. నా ఉద్యోగానికి సగం, ఆ నలభై ఎనిమిది మందికి సగం.

గురువారం నిశ్శబ్దం తన కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. గేములో ఆడేవాళ్ళకి ఒక నోటుబుక్కు ఉంటుంది. అందులో ఎవరి మీద అనుమానమైతే వాళ్ళ బొమ్మ చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టుకోవచ్చు, వద్దనుకుంటే చెరిపెయ్యచ్చు. ఎవరు ఎన్నో నిమిషంలో ఏం చుట్టారో, ఏం చెరిపారో అంతా మా దగ్గర నమోదవుతుంది. ఆ సంగతి ఆడేవాళ్ళకి తెలియదు. నిశ్శబ్దం బాబాయ్ పేజీ తెరిచి చూపించాడు.

మొదటి కేసు, ఆరో నిమిషం: మేనేజరు చుట్టూ సున్నా. ఏడో నిమిషం: చెరిపాడు. ఐదో కేసు, మూడో నిమిషం: అసలు దొంగ చుట్టూ సున్నా, చెరిపాడు. పన్నెండు కేసులూ అంతే. కాలేజీ పిల్లలకి అరగంట పట్టిన దొంగ ఒక్కడూ బాబాయ్ దగ్గర పది నిమిషాలు దాటి దాక్కోలేదు. దొంగని ముందే పట్టేసి, చెరిపేసి, ఆ తర్వాత తీరిగ్గా ఒక్కో అమాయకుణ్ణీ పట్టుకుంటూ పోయాడు. నలభై ఎనిమిది మందినీ పట్టుకున్నాడు, ఒక్కర్ని కూడా వదల్లేదు.

"కేకు నేనే తిన్నాను," అన్నాడు నిశ్శబ్దం. "ఆయన తుడిచింది దుమ్ము కాదు, కేకు పొడి."

ఒక్క రోజులో అతను అంత మాట్లాడటం నేనెన్నడూ వినలేదు. లేచి తిన్నగా మెట్ల దగ్గరికి వెళ్ళాను. బాబాయ్ రెయిలింగుకి ఆనుకుని టీ తాగుతున్నాడు.

"బాబాయ్, నీకు అన్నీ తెలుసు."

"ఏం తెలుసమ్మా?"

"నోటుబుక్కులో చుట్టినవీ చెరిపినవీ అన్నీ మాకు కనబడతాయి."

బాబాయ్ మొహం చూడాలి ఆ క్షణంలో. దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడు కూడా అంత బిత్తరపోడు. గ్లాసు కిందపెట్టి, పైకీ కిందకీ చూసి, గొంతు తగ్గించాడు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"ఎందుకిలా చేశావు ముందు చెప్పు."

"ముప్ఫై నాలుగేళ్ళు మీటర్లు చూశానమ్మా. గుమ్మంలో నిలబడితే చాలు, లోపల ఎవరు పోట్లాడుకున్నారో, ఎవరు భోంచెయ్యలేదో తెలిసిపోతుంది. మొదటి రోజు నేను మేనేజరు మీద నొక్కబోయి పొరపాటున తోటమాలి మీద నొక్కాను. వాడు మాట్లాడటం మొదలెట్టగానే నువ్వు అక్కడ టైపు చెయ్యడం ఆపేశావు. తల తిప్పలేదు, కానీ చెవులు ఇటే ఉన్నాయి. నేను నవ్వితే నీ భుజాలు కిందికి దిగాయి. ఇంత రాసిందంతా ఎవరూ వినకపోతే ఎలా? ఆ పిల్లలు వినరు, వాళ్ళకి దొంగ కావాలి. నాకేం తొందర? పైగా ఆ తోటమాలి చాలా బాగా మాట్లాడతాడు."

మనిషి మీద ఇంత ప్రేమ పుట్టుకొస్తే ఏం చెయ్యాలో తెలియక గట్టిగా కసిరాను. "సరే, విన్నావు, చాలు! రేపు మాత్రం దొంగని పట్టుకో. నా సీన్లు ఎలాగూ పోతున్నాయి. కనీసం నువ్వైనా ఉండు."

"చూద్దాంలే," అన్నాడు బాబాయ్, మళ్ళీ గ్లాసు అందుకుంటూ.

శుక్రవారం మేడమ్ వచ్చారు. నెరిసిన జుట్టు, నవ్వని మొహం. వాన చూసి "బాగుంది" అన్నారు, అంతే. బాబాయ్‌ని పెద్ద తెర ముందు కూర్చోబెట్టారు. పన్నెండో కేసు. ఇంటి యజమానికి విషం పెట్టింది డాక్టరు. నోటుబుక్కు తెర మీద కనబడదు. కానీ నా ల్యాప్‌టాప్‌లో నమోదవుతుంది కాబట్టి నేనూ నిశ్శబ్దమూ వెనక కూర్చుని అదే చూస్తున్నాం. నాలుగో నిమిషం: డాక్టరు చుట్టూ సున్నా. నేను ఊపిరి పీల్చుకున్నాను. బాబాయ్ ఉద్యోగం నిలబడింది.

ఐదో నిమిషం: చెరిపాడు.

"వద్దు బాబాయ్" అని లోపల్లోపల మొత్తుకున్నాను. ఆయన అందరితోనూ మాట్లాడి, కళ్ళజోడు సర్దుకుని, ఇంటి వంటావిడ మీద వేలు పెట్టాడు. బాసు తల రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. తెర మీద వంటావిడ గరిటె పక్కన పెట్టి, కొంగుకి చేతులు తుడుచుకుంది.

"నేను విషం పెట్టానా? ముప్ఫై ఏళ్ళుగా ఈ ఇంట్లో వండుతున్నాను. ఉప్పెక్కువైందని తిట్టారు, తక్కువైందని తిట్టారు, బాగుందని ఒక్కరూ అనలేదు. చంపాలనుకుంటే మొదటి నెలలోనే చంపేదాన్ని కదమ్మా, ఇన్నాళ్ళు ఎవరాగుతారు? పట్టుకుపోతే పట్టుకుపోండి. కానీ పొద్దుటి నుంచి అందరినీ ప్రశ్నలడుగుతూ తిరుగుతున్నారు, మీరేమైనా తిన్నారా లేదా?"

మేడమ్ ఫక్కున నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నారు.

"ఈ గొంతు మా వంటావిడదే కదూ?"

"అవును మేడమ్. సీరియల్లో వేసినావిడ చేతే చెప్పించాం," అన్నాను.

"తొమ్మిదేళ్ళు మా సీరియల్లో చేసిందావిడ. ‘కాఫీ తెమ్మంటారా అమ్మగారూ’ తప్ప ఇంకో మాట మేము రాయలేదు." ఆవిడ బాసు వైపు తిరిగారు. "ఇలాంటివి ఎన్ని ఉన్నాయి?"

బాసు నసిగాడు. "నలభై ఎనిమిదండీ. కానీ గేము బరువెక్కువైందని అవన్నీ తీసేద్దామని..."

"తియ్యడమేమిటి? దొంగలు ఏం మాట్లాడతారో మా ప్రేక్షకులకి తొమ్మిదేళ్ళ నుంచీ తెలుసు. ఇవి కొత్త. ఇవి ఉండాలి."

"మరి బరువు..."

"సగం వాన తీసేస్తే సరిపోతుంది," అన్నాడు నిశ్శబ్దం. బాసు అతన్ని చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తుంది.

మేడమ్ బాబాయ్ దగ్గరికి వెళ్ళి నమస్కారం పెట్టారు. "మీరు సరిగ్గా ఆడేసి ఉంటే నేనిది వినేదాన్ని కాదండీ. ఈయన్ని వదులుకోకండి," అని బాసుకి చెప్పి మరీ వెళ్ళారు. నలభై ఎనిమిది మందీ ఉన్నారు, నేనూ ఉన్నాను, బాబాయ్ కూడా ఉన్నాడు. పోయింది సగం వాన.

ఆవిడ కారు కదిలాక బాసు బాబాయ్ పక్కన కుర్చీ వేసుకున్నాడు. కోపం పోయింది, అనుమానం మిగిలింది.

"బాబాయ్ గారూ, ఒక్క మాట నిజం చెప్పండి. డాక్టరని మీకు నిజంగా తట్టలేదా? చేతిలో సీసా ఉంది, జేబులో చీటీ ఉంది, అబద్ధం చెబుతూ రెండుసార్లు దొరికిపోయాడు కూడా!"

బాబాయ్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"డాక్టరా? రోగి పోతే అంతలా కుమిలిపోయిన మనిషిని పట్టుకుని ఆ మాట అనడానికి మీకు నోరెలా వచ్చిందండీ?"

బాసు సిగ్గుపడి, తెర మీద డాక్టరు వైపు ఒకసారి చూసి, సారీ చెప్పాడు. నేనూ నిశ్శబ్దమూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా బయటపడటానికి చాలా అవస్థపడ్డాం.